గని చెరువు కట్ట మళ్లీ పోసేముందు ఏ మట్టిని పరీక్షించాలి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దగ్గర కాంట్రాక్టరు కింద సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. గనిలోంచి పంపు చేసిన నీళ్లు తేరుకోవడానికి పైన ఒక చెరువు ఉంది, దాని కట్ట ఎత్తు ఆరు మీటర్లు. పోయిన ఆగస్టులో ఒకచోట తెగి దాదాపు పన్నెండు మీటర్ల గండి పడింది. కింద పత్తి చేలల్లోకి బురద పోయింది, మనుషులకు ఏమీ కాలేదు. ఇప్పుడు వానలు పడేలోపు కట్ట మళ్లీ పోయాలి. ఓబీ డంపు (బొగ్గు పైనుంచి తీసిన మట్టి, రాళ్ల గుట్ట) పక్కనే ఉంది కదా, ఆ మట్టే పోద్దాం, ఒక ప్రొక్టర్ రిపోర్టు (ఎంత తేమలో తొక్కితే మట్టి ఎంత గట్టిపడుతుందో చెప్పేది) తెప్పించి ఫైల్లో పెట్టు అంటున్నారు మావాళ్లు. నల్లరేగడి దగ్గర్లోనే దొరుకుతుంది, మొరం రెండు కిలోమీటర్ల దూరం. ఒక్క రిపోర్టు సరిపోతుందా? ఏ మట్టికి ఏ టెస్టు చేయించాలి? డిప్లొమా చదివాను గానీ కట్ట పని ఇదే మొదటిసారి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, మీ టెన్షన్ సరైనదే. ఆ కట్ట కింద చేలల్లో పత్తి ఏరే మనుషులు ఉంటారు, ఈసారి గండి పడితే ఎవరూ లేని వేళ చూసి పడుతుందన్న నమ్మకం లేదు. ఒక్క రిపోర్టు సరిపోదు. అయితే ఎన్ని రిపోర్టులు కావాలన్నది తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీరు గండి దగ్గరికి వెళ్లండి, డోజర్ వచ్చి దాన్ని చదును చేయకముందే వెళ్లండి.

గండికి రెండు పక్కలా నిలబడ్డ ముఖాలు ఉంటాయి చూశారా, అవి పాత కట్టను నిలువునా కోసి చూపిస్తున్నాయి. డబ్బు పెట్టి బోరు వేసినా అంత స్పష్టంగా కనిపించదు. పార పట్టుకుని పైపొర చెక్కితే ఎక్కడ నల్లమట్టి ఉంది, ఎక్కడ మొరం ఉంది, మధ్యలో బొగ్గు పొడి చార ఏమైనా పోయిందా, అడుగున గడ్డి, వేర్లు తీయకుండానే మట్టి పోశారా అన్నీ తెలుస్తాయి. ఫొటోలు తీయండి, ప్రతి పొర నుంచీ మట్టి తీసి సంచిలో వేసి ఎక్కడిదో, ఎంత లోతుదో రాసిపెట్టండి. ఆ తర్వాత రాత్రి వాచ్‌మన్‌నీ పంపు ఆపరేటర్‌నీ కూర్చోబెట్టుకుని అడగండి: నీళ్లు కట్ట మీది నుంచి దూకాయా, లేక కట్ట వెనక వైపు ముందే తడి కనిపించి, బుంగ పడి, అది పెద్దదైందా, పైపు పక్క నుంచి వచ్చాయా, కట్ట పాదం దగ్గర నేలలోంచి ఉబికాయా. మీది నుంచి దూకి తెగితే తప్పు మత్తడిది, మట్టిని ఎన్ని పరీక్షలు చేసినా అదే తప్పు మిగిలిపోతుంది. బుంగ పడి తెగితేనే మనం మాట్లాడుకునే ఈ పరీక్షలన్నీ పనికొస్తాయి. నా ఉద్యోగం మొదటి రోజుల్లో ఒక కట్టను మంచి మట్టితో, మంచి రిపోర్టులతో మళ్లీ పోశాం. మరుసటి ఏడు సరిగ్గా అదే చోట ఊట మొదలైంది. తవ్వి చూస్తే అడుగున ఎప్పుడో వదిలేసిన పాత సిమెంటు పైపు ఉంది. మేం తెచ్చిన మట్టిని పరీక్షించాం, తెగిన చోటును మాత్రం తవ్వి చూడలేదు. అది నా తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక ఓబీ డంపు మట్టి. మీ వార్ధా లోయ గనుల్లో బొగ్గు పైన ఏముంటుందో మీకు నాకంటే బాగా తెలుసు: పైన నల్లరేగడి, దాని కింద పసుపు మట్టి, తర్వాత ఇసుకరాయి, బొగ్గు దగ్గరికి వచ్చేసరికి బూడిదరంగు షేల్ (పొరలుగా విడిపోయే మట్టిరాయి), బొగ్గు కలిసిన నల్ల షేల్. ఇవన్నీ డంపర్లు ఒకేచోట దించితే అది ఒక మట్టి కాదు, పది మట్టులు. అందులోంచి ఒక సంచి తీసి ల్యాబ్‌కు పంపితే రిపోర్టు ఆ సంచికే చెందుతుంది, రేపు డంపర్‌లో వచ్చే మట్టి వేరేది. పైగా షేల్ తవ్వినప్పుడు రాయిలా గట్టిగా ఉంటుంది, తడిసి ఆరితే పొడైపోతుంది. నమ్మకం లేకపోతే నాలుగు ముక్కలు బకెట్ నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున ఎండలో ఆరబెట్టి, మళ్లీ నీళ్లలో వేయండి, మూడు రోజులు ఇలా చేస్తే వాటి సంగతి తేలిపోతుంది. ల్యాబ్‌లో దీనికి స్లేక్ డ్యూరబిలిటీ అని పద్ధతి ప్రకారం చేసే పరీక్ష ఉంది. కట్టలో రాయిలా కూర్చున్న ముక్క రెండేళ్లకు పొడైతే దాని చుట్టూ సందు మిగులుతుంది, నీళ్లకు ఆ సందు చాలు.

బొగ్గు కలిసిన మట్టితో ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు మట్టి స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే రేణువులు నీటి కంటే ఎన్ని రెట్లు బరువో ఆ అంకె, 2.65 చుట్టుపక్కల ఉంటుంది, బొగ్గుది దాదాపు దానిలో సగం. బొగ్గు పొడి ఎక్కువున్న చోట సాంద్రత తక్కువ చూపిస్తుంది, అది రోలర్ సరిగ్గా తొక్కకపోవడం వల్లా, బొగ్గు వల్లా అన్నది కోర్ కట్టర్ (తొక్కిన పొరలోకి దింపి మట్టి తీసి సాంద్రత చూసే ఉక్కు గొట్టం) చెప్పలేదు. అందుకే స్పెసిఫిక్ గ్రావిటీ పరీక్ష తప్పనిసరిగా రాయించండి, ఖర్చు చాలా తక్కువ. సైట్‌లో తేమ చూడటానికి పెనం మీద మట్టిని వేయించే అలవాటు ఉంటే ఈ మట్టికి మాత్రం వద్దు, బొగ్గు కూడా కాలి బరువు తగ్గుతుంది, లేని తేమ ఉన్నట్టు లెక్క వస్తుంది. బొగ్గు కుప్పల్లాగే ఈ షేల్ కూడా గాలి తగిలితే లోపల వేడెక్కి రాజుకోగలదు, దాన్ని కట్ట గర్భంలో పెట్టకండి. డంపు మట్టే వాడాలని ఒత్తిడి చేస్తే, పసుపు మట్టి వచ్చే బెంచీ (గని తవ్వకంలోని మెట్టు) ఏదో గుర్తించి, ఆ మట్టిని వేరుగా దించమనండి, దాన్ని వేరుగా పరీక్షించండి. కలిపిన కుప్పకు మాత్రం ఒప్పుకోకండి.

నల్లరేగడి గురించి జనంలో రెండు తప్పు అభిప్రాయాలు ఉన్నాయి. కట్టకు అసలు పనికిరాదని ఒకరంటారు, నీళ్లు ఆపుతుంది కాబట్టి మొత్తం దానితోనే పోయమని ఇంకొకరంటారు. మహారాష్ట్ర ఇరిగేషన్ వాళ్లయినా తెలంగాణ వైపు వాళ్లయినా ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పద్ధతి ఇది: గర్భంలో, అంటే హార్టింగ్‌లో, నల్లమట్టి, దాని మీద రెండు వైపులా, తలమీదా కేసింగ్‌గా మొరం. మీ చంద్రపూర్ ఎండలు దేశానికే తెలుసు, ఆ ఎండకు బయట ఉన్న నల్లమట్టి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మొదటి వానకు నీళ్లు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగుతాయి. అందుకే దానికి మొరం దుప్పటి కప్పాలి. ఉబ్బే గుణం ఎంతో తెలియాలంటే ఫ్రీ స్వెల్ పరీక్ష చేయించండి: 425 మైక్రాన్ల జల్లెడ దాటిన పొడి మట్టి పది గ్రాములు నీళ్ల గొట్టంలో, ఇంకో పది గ్రాములు కిరోసిన్ గొట్టంలో వేసి ఒక రోజు వదిలేస్తే, కిరోసిన్‌లో ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది, ఆ తేడా కిరోసిన్‌లోని మట్టి పరిమాణంలో ఎంత శాతమో అదే ఫలితం. రోడ్డు కట్టలకు 50 శాతం దాటితే వద్దంటారు. మీ హార్టింగ్‌కు కొంచెం దాటినా పైన కేసింగ్ మందంగా ఉంటే సాగుతుంది, వంద దాటితే వేరే మట్టి వెతకడమే మంచిది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, అది చాలా చిన్నది కూడా. కొన్ని బంకమట్టులు నీళ్లలో వాటంతట అవే విడిపోయి పాలలా కలిసిపోతాయి, వీటిని డిస్పర్సివ్ మట్టి అంటారు. చౌడు నేలల్లో సోడియం ఎక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. చేతికి మంచి బంకమట్టిలానే ఉంటుంది, ప్రొక్టర్‌లో బాగుంటుంది, జల్లెడ పరీక్షలో బాగుంటుంది, కానీ చిన్న నెర్రెలోంచి నీరు పోతే చాలు, కరిగిపోతూ బుంగ చేస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెండి, గాజు గ్లాసులో పోసి, సహజ తేమతో ఉన్న చిక్కుడు గింజంత మట్టి బెడ్డ మెల్లగా వేయండి, కదపకండి. పది నిమిషాల్లో చూడండి, మళ్లీ గంటకు చూడండి. బెడ్డ విరిగి కుప్పలా కూర్చుని పైన నీళ్లు తేటగా ఉంటే ఒక మోస్తరు నిశ్చింత. బెడ్డ చుట్టూ మబ్బు కమ్ముకుని గ్లాసు అడుగంతా పరుచుకుంటే ఆ మట్టిని పక్కన పెట్టండి. గని నీళ్లతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఆ నీళ్లలో ఉండే లవణాలు మట్టిని విడిపోకుండా పట్టి ఉంచుతాయి, గ్లాసు తేటగానే కనిపిస్తుంది. జూలైలో చెరువు నిండా వాననీళ్లు చేరాక ఆ కాపు ఉండదు, అసలు గుణం అప్పుడు బయటపడుతుంది. ఇక్కడ ఇంకో మాట: మబ్బు కమ్మితే ఆ మట్టి చెడ్డదని ఖాయం, కమ్మకపోతే మంచిదని ఖాయం కాదు. ల్యాబ్‌లో పిన్‌హోల్ పరీక్ష అడగండి, తొక్కిన మట్టిలో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి నీళ్లు పోనిచ్చి రంధ్రం పెరుగుతుందేమో చూస్తారు. పాత కట్ట గండి ముఖం నుంచి తీసిన మట్టికి కూడా చేయించండి, ఎందుకు తెగిందో అక్కడే తెలియవచ్చు. వేరే మట్టి దొరక్కపోతే జిప్సం గానీ సున్నం గానీ కలిపి వాడే మార్గం ఉంది, కానీ ఎంత కలపాలో ల్యాబే తేల్చాలి, హార్టింగ్‌కూ దిగువ వైపు కేసింగ్‌కూ మధ్య ఇసుక ఫిల్టర్ తప్పనిసరి.

ల్యాబ్‌కు పంపేటప్పుడు ప్రతి రకం మట్టికీ వేరుగా పాతిక కిలోలు పంపండి, తేమ చూడటానికి కొద్దిగా గాలి చొరని డబ్బాలో వేరుగా పెట్టండి. మట్టి పరీక్షల భారత ప్రమాణమైన ఐఎస్ 2720లోని ఏ భాగం ప్రకారం చేయాలో చిట్టీ మీద రాయండి: రేణువుల పరిమాణానికి 4, లిక్విడ్, ప్లాస్టిక్ లిమిట్లకు (మట్టి జారుగా, ముద్దగా మారే తేమలకు) 5, లైట్ ప్రొక్టర్‌కు 7, పర్మియబిలిటీకి (మట్టిలోంచి నీరు ఎంత వేగంగా పోతుందో దానికి) 17, ఫ్రీ స్వెల్‌కు 40. పర్మియబిలిటీ పరీక్ష మీరు కట్టలో తొక్కబోయే సాంద్రతకే, అదే తేమకే చేయమనండి, వదులు మట్టికి చేస్తే ఆ అంకెతో పనిలేదు. మంచి హార్టింగ్ మట్టిలో నీరు సెకనుకు సెంటీమీటరులో పది లక్షల వంతుకు మించి కదలకూడదు. ఆరు మీటర్ల ఎత్తు కాబట్టి మట్టి ఎంత బరువుకు జారకుండా నిలుస్తుందో చెప్పే ట్రయాక్సియల్ పరీక్ష కూడా చేయించమని డిజైన్ చేసే ఇంజనీరును అడగండి. గని చెరువుల్లో పెద్ద పంపులు పెట్టి రెండు మూడు రోజుల్లో నీళ్లు తోడేస్తారు, అప్పుడు లోపలి వాలు తడిబరువుతో ఉంటుంది, దాన్ని ఆనుకున్న నీరు ఉండదు, వాలు జారిపోతుంది. మట్టి కట్టల వాలు నిలకడకు ఉన్న ప్రమాణం ఐఎస్ 7894లో నీళ్లు హఠాత్తుగా దిగిన స్థితికి భద్రతా గుణకం 1.3, నిలకడగా ఊటున్న స్థితికి 1.5 అడుగుతారు. ఆ లెక్కకు ట్రయాక్సియల్ అంకెలు కావాలి, ఊహించి వేయకూడదు. చంద్రపూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నాగ్‌పూర్ వీఎన్ఐటీలోనూ సివిల్ విభాగాలు ఉన్నాయి, అక్కడ అడిగి చూడండి.

మట్టి తేవడానికి ముందు పునాది. గండిలో నిలిచిన బురద మీద కొత్త మట్టి పోయడం నేను చాలాచోట్ల చూశాను, దయచేసి ఆ పని జరగనివ్వకండి. గట్టి నేల తగిలేదాకా బురద తీసేయండి, లోతు ఎక్కువైతే వేన్ షియర్ పరీక్షతో బలం చూడండి, అడుగున ఊట ఏదైనా ఉందేమో ఒకటి రెండు రోజులు గుంత తెరిచి ఉంచి గమనించండి. 1966 అక్టోబరు 21న వేల్స్ దేశంలోని అబర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడితే 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ గుట్టను ఊట మీద పోశారు. ఊట ఉందని ఊళ్లో వాళ్లకు తెలుసు. మీరు కూడా ఊరి పెద్దవాళ్లను అడగండి, అక్కడ పూర్వం ఒర్రె పారేదా, బావి ఉండేదా అని. పాత కట్ట అంచులను నిలువుగా వదలకుండా, ఎత్తు 1కి అడ్డం 3 కన్నా నిటారుగా లేకుండా వాలుగా కోసి, మెట్లు చేసి, తడిపి, గీరి, కొత్త మట్టిని దానిలోకి కలపండి. పాత, కొత్త మట్టి కలిసే ఆ అతుకు దగ్గరే నాకు ఎప్పుడూ భయం, రోలర్ అక్కడ అంచుదాకా పోదు, చేతి ర్యామర్‌తోనే తొక్కాలి.

పోయడం మొదలయ్యాక ప్రతి పొరకూ పరీక్ష. వదులుగా 20, 25 సెంటీమీటర్లు పరిచి షీప్‌ఫుట్ రోలర్‌తో తొక్కాలి. ఒక ఉదాహరణ వేసుకుందాం: ల్యాబ్ చెప్పిన గరిష్ఠ పొడి సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 1.60, సరైన తేమ 22 శాతం. కోర్ కట్టర్‌లో తడి సాంద్రత 1.89 వచ్చింది, తేమ 26 శాతం. 1.89ని 1.26తో భాగిస్తే 1.50, అంటే 94 శాతం లోపే. డ్రాయింగ్‌లో 98 శాతం అడిగితే 1.57 దాకా రావాలి కాబట్టి ఆ పొర ఫెయిల్, కొంచెం ఆరనిచ్చి మళ్లీ తొక్కాలి. ఇక్కడ రోలర్ డ్రైవర్ మీద అరవడం వల్ల లాభం లేదు, తేమ ఎక్కువైన మట్టి ఎంత తొక్కినా రబ్బరులా లేస్తుంది. వేసవిలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది దీనికి తిరగబడ్డ సమస్య. మట్టిలో 14 శాతం తేమే ఉంటే ఇంకో 8 శాతం నీళ్లు కావాలి, తొక్కిన ఘనమీటరుకు దాదాపు 125 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు నలభై ఘనమీటర్లకే సరిపోతుంది, ఆవిరయ్యేది కాకుండా. ట్యాంకర్లు తక్కువ పెట్టి పొడిమట్టిని తొక్కేస్తారు, కొన్నిసార్లు సాంద్రత కూడా పాసవుతుంది, కానీ అదే సాంద్రత వచ్చినా పొడి వైపు తొక్కిన బంకమట్టిలోంచి నీళ్లు పది రెట్లకు పైగా ఎక్కువ పోవచ్చు, మొదటిసారి చెరువు నిండగానే మట్టి కుంగి లోపల పగుళ్లు రావచ్చు. అందుకే సాంద్రత ఒక్కటే చూడకండి, తేమ కూడా పాసవ్వాలి, హార్టింగ్‌లో సరైన తేమ కంటే ఒకటి రెండు శాతం పైనే ఉండాలి. సాయంత్రమే బారో గుంతలో (మట్టి తవ్వి తెచ్చే చోట) నీళ్లు కట్టి మట్టిని రాత్రంతా నాననివ్వండి, పొర మీద చల్లే నీళ్లు బెడ్డల లోపలికి దిగవు. మొరంలో కోర్ కట్టర్ దిగదు, అక్కడ ఇసుక పోసే పద్ధతి వాడండి.

కట్ట పదిమీటర్ల లోపుది కాబట్టి 2021 ఆనకట్టల భద్రతా చట్టం కిందికి రాదు. కానీ గనుల భద్రతకు చట్టం, నిబంధనలు ఉన్నాయి, గని మేనేజరు బాధ్యత ఉంది. డిజైన్ మీద ఇంజనీరు సంతకం లేకుండా మొదటి డంపరు దించనివ్వకండి. మాట వినకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: కోరాపుట్ జిల్లాలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. బాక్సైటు గనుల వైపు దొరికే ఎర్ర లాటరైట్ మట్టికి రెండుసార్లు ప్రొక్టర్ చేశాను మేడం చెబితే. ఓవెన్‌లో ఆరబెట్టి చేస్తే సాంద్రత ఎక్కువ, తేమ తక్కువ వచ్చింది. తెచ్చిన తేమ నుంచి మెల్లగా ఆరనిస్తూ చేస్తే తిరగబడింది. ఏది తప్పు?

జవాబు: రెండూ తప్పు కాదమ్మా, మీరు రెండు వేరు మట్టులను పరీక్షించారు. లాటరైట్‌లోని ఇనుము, అల్యూమినియం హైడ్రాక్సైడ్లు, కొన్ని రకాల బంక రేణువులు తమలో నీటిని పట్టి ఉంచుతాయి. ఓవెన్‌లో ఆ నీరు పోతే రేణువులు గడ్డకట్టి ఇసుకలా మారతాయి, మళ్లీ తడిపినా పాత స్థితికి రావు. సైట్‌లో ఎవరూ మట్టిని ఓవెన్‌లో పెట్టి కట్ట పోయరు కదా, కాబట్టి కట్టకు రెండో రిపోర్టే వాడాలి. లిమిట్ పరీక్షలు కూడా ఆరబెట్టకుండానే చేయండి, ఎలా ఆరబెట్టారో రిపోర్టులో మొదటి వరుసలోనే రాయండి. ప్రతి పాయింటుకూ కొత్త మట్టి తీసుకోండి, ఒకే మట్టిని మళ్లీ మళ్లీ కొడితే ఈ గుళికలు పగిలి ఫలితం మారిపోతుంది. మీ మేడం రెండు రకాలుగా చేయించడం చాలా మంచి పని.

ప్రశ్న: మాది యవత్మాల్ జిల్లా వణి వైపు. గని చెరువు కట్ట కింద నాలుగెకరాల పొలం ఉంది. టెస్టులు చేశామని గని వాళ్లు అంటారు, కాగితాలు మాకు అర్థం కావు. కట్ట బాగుందో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అన్నా, కాగితాల్లో ఒక్కటే అడగండి: ఏ తారీఖున, కట్టలో ఏ చోట, ఏ ఎత్తులో పరీక్ష చేశారో రాసిన రిజిస్టరు. అది ఉంటే పొర పొరకూ చూశారని అర్థం. మిగతాది మీ కళ్లతోనే చూడవచ్చు. చెరువు మొదటిసారి నిండే రోజుల్లో రోజూ పొద్దున కట్ట పాదం వెంట నడవండి. కొంచెం ఊట ఉండటం తప్పు కాదు, మట్టి కట్టల్లో ఊట ఉంటుంది, ఆ నీళ్ల రంగు చూడాలి. ఒకే చోట గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపలి మట్టి బయటికి వస్తున్నట్టే. ఊట నిన్నటికంటే పెరిగినా, పొలంలో ఇసుక బుడగల్లా నీళ్లు ఉబికినా, కట్ట తలమీద పొడవునా చీలిక కనిపించినా, అంతకుముందు లేని చోట జమ్ము పచ్చగా మొలిచినా అదే రోజు చెప్పాలి. సీసా మీద తారీఖు రాసి, ఫొటో తీసి, గని మేనేజరు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ తహసీల్దారుకు ఇవ్వండి. నీళ్లు బురదగా వస్తున్న రోజు మాత్రం రసీదు కోసం ఆగకండి, ముందు పొలంలో ఉన్నవాళ్లను పైకి పిలవండి, పశువులను విప్పండి, తర్వాత ఫోన్ చేయండి.